హైబ్రిడ్ కారు బ్యాటరీ: సాధించినది, సాధింపవలసినది



బ్యాటరీ యనగా నేమో తెలియని యిల్లు నేడు పల్లెలలో లేదు. నాలుగు నెలలు ట్రాక్టరును కదపక కొట్టములో నుంచి, దుక్కుల కాలము రాగానే తాళము త్రిప్పినచో, ఒక్కొక్కమారు చిన్న చప్పుడు తప్ప మరేమియు వినరాదు. అప్పుడు నలుగురు చేరి త్రోయవలయును. లేదా ప్రక్క రైతు బ్యాటరీనుండి తీగ తగిలింపవలయును. ఇంట ఇన్వర్టరు క్రింద నుండు బ్యాటరీయు నట్టిదే. మొదటి యేడు రాత్రి యంతయు దీపము వెలిగించినది, కొన్నియేండ్లు గడచిన పిదప జాములోపలనే చేతులెత్తివేయును. ఈ రెండనుభవములను మనస్సున నుంచుకొన్నవారికి హైబ్రిడ్ కారు బ్యాటరీని బాగుచేయుటకై శాస్త్రజ్ఞులు పడుచున్న పాట్లు సులభముగనే బోధపడును.

ఈ విషయము కారు గలవారికి మాత్రమే సంబంధించినది కాదు. భారతదేశము వాడు ముడి చమురులో 85 శాతమునకు మించి విదేశములనుండి వచ్చుచున్నది. ఒక లీటరు పెట్రోలుతో బండి మరికొంత దూరము పోయినచో, అది యజమాని చేతిసొమ్మునకును లాభము, దేశపు సొమ్మునకును లాభము. అయితే ఆ లాభము నిలుచుటయు నిలువకపోవుటయు కారులోని ఒక పెట్టెపై నాధారపడియున్నది. పెట్టె పదునైదేండ్లు పనిచేసినచో కారు కొన్నవాడు గెలిచినట్లు. ఆరేండ్లకే చెడినచో పెట్రోలున మిగిలిన సొమ్మంతయు క్రొత్త పెట్టెకు పోయినట్లు. కావున ఈ పెట్టె కథ తెలిసికొనదగినది.

హైబ్రిడ్ అను మాట రైతులకు క్రొత్తది కాదు. రెండు వంగడములను సంకరము చేసి పుట్టించిన విత్తనమును హైబ్రిడ్ విత్తనమనుచున్నారు. అట్లే పెట్రోలు ఇంజనును, విద్యుత్తుతో తిరుగు మోటారును ఒకే బండిలో కూర్చినచో నది హైబ్రిడ్ కారు. ఈ యూహ నూరేండ్లకు పైబడినది. 1900లో వియన్నా నగరమున పనిచేయుచుండిన యువ ఇంజనీరు ఫెర్డినాండ్ పోర్షె ఇట్టి బండి నొకదానిని నిర్మించెను. కాని ఆనాటి సీసపు బ్యాటరీల బరువే బండికి పెద్ద భారమయ్యెను. పెట్రోలు చౌకగా దొరకుటయు, ఇంజను బాగుపడుటయు తోడై ఆ యూహ చాలకాలము మూలబడెను. దానిని లక్షలాది జనుల వాడుకలోనికి తెచ్చినది 1997 డిసెంబరులో జపాను దేశమున టొయోటా సంస్థ అమ్మకమునకు పెట్టిన ప్రియస్ అను కారు.

ఈ సంకరము వలన గలుగు ప్రయోజనమేమి? పెట్రోలు ఇంజను ఒకే వేగమున, తగిన బరువు లాగునప్పుడు పొదుపుగా పనిచేయును. ఆగి కదలునప్పుడును, నత్తనడక నడచునప్పుడును ఇంధనమును వ్యర్థము చేయును. మోటారు స్వభావము దీనికి విరుద్ధము. కదలునప్పుడే దానికి బలమెక్కువ. కావున బండిని కదల్చు పని మోటారునకును, సాగించు పని ఇంజనునకును అప్పగింతురు. ఇంతకంటె ముఖ్యమైన లాభము బ్రేకు వేయునప్పుడు కలుగును. మామూలు కారున బ్రేకు పట్టగానే బండి వేగమంతయు రాపిడివలన వేడియై గాలిలో కలిసిపోవును. హైబ్రిడ్ కారున చక్రములు మోటారును త్రిప్పును. మోటారు అప్పుడు డైనమో వలె పనిచేసి విద్యుత్తును పుట్టించును. ఆ విద్యుత్తు బ్యాటరీలో చేరి, మరల కదలునప్పుడు ఉపయోగపడును.

ఇచట చిన్న లెక్క యొకటి చూడవలసియున్నది. 1,400 కిలోల బరువు గల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవుచున్నప్పుడు దానియందలి గమనశక్తి సుమారు 54 వాట్ గంటలు. ఇది చూచుటకు స్వల్పమే. పది వాట్ల దీపమును అయిదున్నర గంటలు వెలిగించుటకు సరిపోవును. కాని ఆ కారు ఎనిమిది సెకనులలో ఆగినచో, ఈ శక్తి యంతయు సగటున 24 కిలోవాట్ల చొప్పున వెలువడును. అనగా సుమారు 32 అశ్వశక్తులు. ఒక చిన్న ట్రాక్టరు ఇంజను మొత్తము బలమిది! ఇందు కొంత గాలికిని, టైర్ల రాపిడికిని, మామూలు బ్రేకులకును పోయినను, మిగిలినదానిని బ్యాటరీ ఆ ఎనిమిది సెకనులలోనే మ్రింగవలయును. సిగ్నలు వద్ద పచ్చదీపము వెలుగగానే మరల క్రక్కవలయును.

ఇంత పని చేయు బ్యాటరీ యెంత పెద్దదో యని తోచును. ఇంటి ఇన్వర్టరునకు వాడు 12 వోల్టుల, 150 ఆంపియర్ గంటల బ్యాటరీలో లెక్క ప్రకారము 1.8 కిలోవాట్ గంటల విద్యుత్తు పట్టును. 2003లో వచ్చిన రెండవ తరము ప్రియస్ బ్యాటరీలో పట్టునది 1.3 కిలోవాట్ గంటలు మాత్రమే. ఇది ఒక లీటరు పెట్రోలునందలి శక్తిలో ఏడవ వంతు. ఇన్వర్టరు బ్యాటరీ తన నిలువను మెల్లగా గంటల తరబడి ఇచ్చును. కారు బ్యాటరీ పైన చెప్పిన వేగమున ఇచ్చినచో మూడు నిమిషములకు కొంచెము మించి వట్టిపోవును. పూర్తిగా విద్యుత్తుతోనే నడచు కారున 60 కిలోవాట్ గంటల బ్యాటరీ యున్నచో, అదే వేగమున ఇచ్చుటకు దానికి రెండున్నర గంటలు పట్టును. అనగా చిన్న బ్యాటరీ మోయు బరువు తన శరీరమును బట్టి చూడగా పెద్దదానికంటె ఎన్నో రెట్లెక్కువ.

చెరువు క్రింద సేద్యము చేయువారికి ఈ భేదము వెంటనే తెలియును. చెరువులో నెంత నీరు పట్టుననునది యొక విషయము; తూములోనుండి క్షణమున కెంత నీరు పారుననునది వేరొక విషయము. మొదటిదానిని శక్తి నిలువ యనవచ్చును. రెండవదానిని సామర్థ్యము అనవచ్చును. పూర్తి విద్యుత్ కారునకు పెద్ద చెరువు కావలయును. హైబ్రిడ్ కారునకు చిన్న చెరువు చాలును. కాని దానికి పెద్ద తూము కావలయును. పైగా ఆ తూము లోపలికిని, వెలుపలికిని దినమునకు పలుమారులు పారవలయును. ఏండ్ల తరబడి పూడిక చేరరాదు.

2002లో అమెరికా ప్రభుత్వమును, ఆ దేశపు కార్ల సంస్థలును కలిసి ఆరంభించిన ఫ్రీడమ్‌కార్ అను ప్రణాళికలో హైబ్రిడ్ బ్యాటరీకి నిర్ణయించిన లక్ష్యములను చూచినచో ఈ కష్టము అంకెలలో కనబడును. పది సెకనులపాటు 25 కిలోవాట్ల సామర్థ్యము నీయవలయును. వాడుకకు వచ్చు శక్తి 300 వాట్ గంటలున్న చాలును. బరువు 40 కిలోలు, పరిమాణము 32 లీటర్లు మించరాదు. ఆయువు పదునైదేండ్లుండవలయును. చిన్న చిన్న ఎక్కుదిగుళ్ళు మూడు లక్షలు తట్టుకొనవలయును. అనగా దినమునకు సుమారు 55. సున్నకు దిగువ 30 డిగ్రీల చలిలోను, 52 డిగ్రీల వేడిలోను పనిచేయవలయును. ఇవన్నియు సమకూర్చి వెల 500 డాలర్లకు లోబడియుండవలయును. ఇందు ఏ యొక్క నిబంధనను విడిగా తీసికొన్నను సాధ్యమే. అన్నిటిని ఒకే పెట్టెలో సాధించుటయే సమస్య. ఒక గుణమును పెంచబోయినచో మరియొక గుణము తరుగుచుండుట ఈ విద్యలోని ముఖ్యమైన చిక్కు.

ఈ చిక్కునకు వంటింటిలోనే ఉదాహరణము గలదు. పలుచని అట్టు పెనముపై వేసినంతనే కాలును. మందపు దిబ్బరొట్టె లోపలివరకు కాలుటకు చాల సేపు పట్టును; కాని ఆకలి తీర్చునది రొట్టెయే. బ్యాటరీలోని ఫలకములపై పూయు పదార్థము పలుచగా నున్నచో అయానులు త్వరగా లోనికి పోయి త్వరగా వెలికివచ్చును, సామర్థ్యము పెరుగును. మందముగా నున్నచో ఎక్కువ శక్తి పట్టును. కాని రాకపోకలు మందగించును. పలుచని పూత పూయవలెనన్నచో రేకులు ఎక్కువ కావలయును. బరువును, ఖర్చును పెరుగును. హైబ్రిడ్ బ్యాటరీ అట్టు వంటిది. కావున కిలోవాట్ గంట లెక్కన దాని వెల విద్యుత్ కారు బ్యాటరీ వెలకంటె ఎక్కువగనే యుండును.

ఇక పదార్థముల సంగతి. సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే కనుగొనెను. అది చౌక, పాతది కరగించి క్రొత్తది చేయవచ్చును. నేటికిని ట్రాక్టరు మొదలు బస్సువరకు ఇంజనును మేల్కొల్పునది అదియే. కాని హైబ్రిడ్ కారున బ్యాటరీ ఎప్పుడును నిండుగా నుండరాదు. నిండినచో బ్రేకు వేసినప్పుడు వచ్చు విద్యుత్తునకు చోటుండదు. వట్టిపోయియు నుండరాదు. సగము నింపి యుంచవలయును. సీసపు బ్యాటరీకి ఈ సగము బ్రతుకు పడదు. పూర్తిగా నింపక విడిచినచో ఫలకములపై సీసపు సల్ఫేటు గట్టిపడి పేరుకొనును. నాలుగు నెలలు కొట్టములో నిలిచిన ట్రాక్టరునకు పట్టు జబ్బు ఇదియే. అందువలన చౌకయైన ఈ బ్యాటరీ కారును లాగు పనికి తగినది కాకపోయెను.

ప్రియస్ నిర్మాతలు ఎన్నుకొన్నది నికెల్ మెటల్ హైడ్రైడ్ అను జాతి. లాంథనము, నికెలు కలిసిన మిశ్రలోహము హైడ్రోజనును స్పంజి నీటిని పీల్చినట్లు పీల్చుకొనునని 1960 దశకపు చివర హాలెండులోని ఫిలిప్స్ పరిశోధనశాలలో తెలిసెను. ఆ గుణము నాధారము చేసికొని ఈ బ్యాటరీలు క్రమముగా రూపొందెను. 1995లో, ఉచియామద తకేషి అను ఇంజనీరు నాయకత్వమున, ప్రియస్ మొదటి నమూనా తయారయ్యెను. అది 49 దినములు కదలనే లేదు. కదలిన పిమ్మటను బ్యాటరీ వేడెక్కినను, చల్లబడినను మొరాయించుచుండెను. 1997లో అమ్మిన కారున 240 ఘటములు వరుసగా కూర్చబడియుండెను. 2000లో నవి 228 ఆయెను. 2003లో 168 చాలినవి. పదార్థము మారలేదు. ఘటముల లోపలి నిరోధము తగ్గింపబడెను. బ్యాటరీ వోల్టులను 500 వరకు పెంచి మోటారునకు అందించు పరికరము మధ్యలో చేర్చబడెను. ఆరేండ్లలో వచ్చిన ఈ మార్పు క్రొత్త మూలకము కనుగొనుటవలన గాక, పాతదానిని నేర్పుతో వాడుటవలన వచ్చినదని గమనింపవలయును.

ఆ నేర్పులో నొక పెద్ద రహస్యము మితము. ప్రియస్ లోని యంత్రగణకము బ్యాటరీని సుమారు 80 శాతమునకు మించి నిండనీయదు. 40 శాతమునకు దిగువకు దిగనీయదు. అనగా కొన్నవాడు డబ్బిచ్చిన నిలువలో సగముకంటె తక్కువ మాత్రమే వాడుకకు వచ్చును. ఇది వ్యర్థముగా కనబడవచ్చును. కాని కడుపు నిండ మేసి పరుగెత్తిన ఎద్దును, పస్తుండి లాగిన ఎద్దును రెండును త్వరలో కూలబడును. మధ్యస్థితిలో నుంచుటవలననే ఆ కార్లలో పెక్కింటి బ్యాటరీలు పదేండ్లకు మించి నిలిచినవి. 2010 చివర అమెరికాలో అమ్మకమునకు వచ్చిన షెవర్లే వోల్ట్ కారున 16 కిలోవాట్ గంటల బ్యాటరీ యుండగా, సుమారు పదింటిని మాత్రమే వాడనిచ్చిరి. ఆయువునకై నిలువను త్యాగము చేయుట ఇప్పటికిని మంచి పద్ధతియే. అయితే ఆ త్యాగము బరువుగను, వెలగను బండిపై పడుచునే యున్నది. దానిని తగ్గించుట నేటి పరిశోధనలలో ముఖ్యమైనది.

లిథియం చరిత్ర వేరు. లోహములలో నెల్ల తేలికయైన ఈ లోహమును బ్యాటరీలో వాడు మార్గమును 1970 దశకమున స్టాన్లీ విటింగ్‌హామ్ చూపెను. 1980లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జాన్ గుడినఫ్, కోబాల్ట్ ఆక్సైడుతో ఎక్కువ వోల్టులు సాధించెను. 1985లో జపానున అకిరా యోషినో శుద్ధ లిథియము బదులు కర్బన పదార్థమును వాడి అపాయము తగ్గించెను. 1991లో సోనీ సంస్థ దానిని అంగడిలోనికి తెచ్చెను. ఈ మువ్వురకును 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. అప్పటికి గుడినఫ్ వయస్సు 97 ఏండ్లు. నికెల్ ఘటము 1.2 వోల్టులిచ్చుచుండగా లిథియం ఘటము మూడింతలిచ్చును. అదే బరువునకు రెండు మూడు రెట్లు శక్తి పట్టును.

ఇంత మేలైన వస్తువు చేతనుండగా హైబ్రిడ్ కార్లలో చేరుటకు 2009 వరకు ఏల యాగవలసివచ్చెను? ఆ యేడు మెర్సిడెస్ సంస్థ మొదటిసారి పెద్ద సంఖ్యలో తయారుచేసిన హైబ్రిడ్ కారున లిథియం బ్యాటరీని అమర్చెను. 1991నుండి లెక్కించినచో పదునెనిమిదేండ్లు. దీనికి కారణము చెరువు భాషలో చెప్పినచో, లిథియం ఘటము అలుగు లేని చెరువు. నికెల్ ఘటమున కొంచెమెక్కువ విద్యుత్తు పోసినను, లోపల పుట్టిన ఆక్సిజను మరల నీరుగా మారి అపాయము తప్పును. అది అలుగు పారుట వంటిది. లిథియం ఘటమున నట్టి యేర్పాటు లేదు. ఎక్కువ పోసినచో గట్టు తెగును. లోపలి ద్రవము మండు స్వభావము గలది. 2013 జనవరిలో బోయింగ్ 787 విమానములలో లిథియం బ్యాటరీలు కాలినందున ఆ జాతి విమానములన్నియు మూడు నెలలకు పైగా నేలపై నిలిచినవి. కావున ప్రతి ఘటమునకును వోల్టులు కొలుచు కావలి యుండవలయును. డొంకలో బండ్లు వరుసగా పోవునప్పుడు ముందున్న బండి యిరుసు విరిగినచో వెనుకనున్న బండ్లన్నియు నిలిచిపోవును. అట్లే వరుసలోని ఘటములలో నొకటి బలహీనమైనను పెట్టె మొత్తము దాని స్థాయికే దిగవలయును.

చలియు, వేడియు లిథియమునకు రెండు శత్రువులు. గడ్డకట్టు చలిలో త్వరగా నింపబోయినచో అయానులు లోనికి పోలేక, ఋణఫలకముపై లోహముగా పేరుకొని సూదులవలె పెరుగును. ఆ సూది రెండవ ఫలకమును తాకినచో లోపలనే విద్యుత్తు పారి నిప్పు పుట్టును. వేడిలో కష్టము మరియొక రీతిది. ఋణఫలకముపై పలుచని రక్షణపొర యొకటి తనంతట తానేర్పడును. అది లేనిదే ఘటము బ్రతుకదు. కాని వేడివలన అది నానాటికి దళసరి యగుచు, తూమున పూడిక చేరినట్లు దారిని మూయుచుండును. లిథియమును కొంత కొంతగా తినివేయును. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగినచో రసాయన క్రియల వేగము సుమారు రెట్టింపగునని స్థూలమైన నియమము. బండి కదలకున్నను, ఎండలో నిలిచియున్నంత మాత్రముననే బ్యాటరీ ముసలిదగును.

ఈ విషయము తెలుగునేలకు మిక్కిలి ముఖ్యము. పల్నాటిలోని రెంటచింతలలోను, రామగుండమున, కొత్తగూడెమున వేసవిలో 45 డిగ్రీల ఎండ కొత్త కాదు. మూసిన కారులోపల వేడి మరింత హెచ్చును. పెక్కు హైబ్రిడ్ కార్లలో బ్యాటరీ వెనుక సీటు దాపున నుండును. కారులోని గాలినే చిన్న పంకా లాగి దానిని చల్లబరచును. ఆ గాలి పోవు జల్లెడకు దుమ్ము పట్టినను, సీటుపై బస్తాలు, బట్టల మూటలు పెట్టి దానిని మూసివేసినను బ్యాటరీకి ఊపిరాడదు. మట్టిబాటల పల్లెలలో ఆ జల్లెడను తరచుగా శుభ్రపరచుటయు, బండిని నీడపట్టున నిలుపుటయు ఖర్చులేని మరమ్మతులు. భారతదేశమున టొయోటా సంస్థ తన హైబ్రిడ్ బ్యాటరీకి ఎనిమిదేండ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైన నదియని, పూచీ నిచ్చుచున్నది. పాత కారు కొనువారు మొదట విచారింపవలసినది ఈ పూచీలో నెంత మిగిలినదనియు, బ్యాటరీని పరీక్షించిన కాగితమున్నదా యనియు.

వెల సంగతియు, ఖనిజముల సంగతియు విడదీయరానివి. బ్లూంబర్గ్ సంస్థ లెక్కల ప్రకారము లిథియం బ్యాటరీల సగటు వెల 2010లో కిలోవాట్ గంటకు వేయి డాలర్లకు మించియుండెను. 2024లో 115 డాలర్లకు దిగెను. ఇది గొప్ప విజయము. కాని కోబాల్టులో అధికభాగము కాంగో దేశపు గనులనుండియే వచ్చుచున్నది. అచట చేతిపనిముట్లతో త్రవ్వువారిలో బాలురును గలరు. లాంథనము వంటి అరుదైన మృత్తికా లోహములలో చాల భాగము చైనాలో శుద్ధియగుచున్నది. చమురునకు చాపిన చేయినే ఖనిజములకును చాపవలసివచ్చినచో స్వాతంత్ర్యము సగమే యగును. కోబాల్టును, నికెలును లేక ఇనుము, ఫాస్ఫేటులతో చేయు లిథియం ఘటమును 1990 దశకమున గుడినఫ్ బృందమే అమెరికాలోని టెక్సస్‌లో కనుగొనెను. అది చౌక, సులభముగా మండదు, చాలకాలము మన్నును. కాని అదే బరువునకు తక్కువ శక్తి పట్టును. అదియుగాక, నిండినను సగమైనను దాని వోల్టులు ఇంచుమించు ఒకే తీరున నుండును. నీటిమట్టపు రాయి లేని చెరువువలె ఎంత నిలువ యున్నదో కనిపెట్టుట కష్టము. సగము నింపి నడపవలసిన హైబ్రిడ్ కారునకు ఇది చిన్న యిబ్బంది కాదు.

ఈ రంగమున తెలుగువారి నేల వెనుకబడి యూరకుండలేదు. హైదరాబాదు సమీపమున బాలాపురములోని ఏ.ఆర్.సి.ఐ. పరిశోధనసంస్థలో లిథియం ఘటములకు కావలసిన పదార్థములపై కృషి జరుగుచున్నది. తిరుపతి సమీపమున కరకంబాడిలో సీసపు బ్యాటరీలు తయారుచేసి పేరుపొందిన అమరరాజా సంస్థ, 2023 మే మాసమున మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లియందు లిథియం ఘటముల కర్మాగారమునకు శంకుస్థాపన చేసెను. మన యెండలో, మన దుమ్ములో ఘటమెట్లు నడచుకొనునో పరీక్షించుటకు ఈ నేలకంటె తగిన చోటు లేదు.

క్రొత్త పదార్థము వచ్చినంతనే పాతది పోవునని తలచుటయు పొరపాటే. 2022లో మన దేశమున విడుదలయైన ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ కారున నున్నది నికెల్ జాతి బ్యాటరీయే. ఘటముల సంఖ్యయు 2003 నాటి ప్రియస్ వలెనే 168. అదే 2022లో వచ్చిన మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడున లిథియం గలదు. ఒకే యేటి రెండు కార్లలో రెండు జాతులుండుట, ఏదియు రెండవదానిని పూర్తిగా గెలువలేదనుటకు సాక్ష్యము. 2021లో జపానున విడుదలయైన ఆక్వా కారున నికెల్ బ్యాటరీలోనే ఒక రేకు రెండు ముఖములను ధన, ఋణ ఫలకములుగా వాడి, లోపలి దారిని కురుచచేసి, అంతకుముందరి దానికంటె సుమారు రెండింతల సామర్థ్యమును సాధించిరి. ముసలిదనుకొన్న చెరువునకు క్రొత్త తూము వేసినట్లయ్యెను.

మండు ద్రవమునకు బదులు ఘనపదార్థము నుంచు ఘటములపై నేడు అనేక దేశములలో కృషి సాగుచున్నది. అందు అపాయము తగ్గును, నిలువ పెరుగును. కాని నింపునప్పుడు ఫలకములు ఉబ్బును, తీయునప్పుడు కుంచించుకొనును. ద్రవమైనచో ఆ సందులలోనికి తానే పారును; ఘనమైనచో, ఎండకు బీటలు వారిన నల్లరేగడివలె నెఱ్ఱెలు తీయును. దినమునకు పలుమారులు ఉబ్బి కుంగవలసిన హైబ్రిడ్ ఘటమున ఈ నెఱ్ఱెలను నివారించుట కడుదుర్లభమైన పని. ఉప్పులో దొరకు సోడియముతో చేయు ఘటములును వచ్చుచున్నవి. అవి చౌకకును, చలికిని బాగుగా తట్టుకొనును. బరువున లిథియముతో సరితూగవు.

చివరకు మిగులునది పాత బ్యాటరీల ప్రశ్న. సీసపు బ్యాటరీని పాతసామానులవాడు ఇంటికి వచ్చి కొనిపోవును. లిథియం బ్యాటరీని విప్పి లోహములను వేరుచేయుట కష్టము, అపాయము. 2022లో భారత ప్రభుత్వము చేసిన బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము, తయారుచేసినవారే పాతవానిని సేకరించి శుద్ధిచేయించు బాధ్యత వహింపవలయును. నియమము కాగితముననున్న చాలదు. చెడిన బ్యాటరీని పెంటకుప్పపై పారవేయకయు, తెలియనివారిచే విప్పింపకయు అప్పగించుట వాడుకరుల ధర్మము.

ఇంతవరకు చెప్పినదాని సారమిది. హైబ్రిడ్ కారు బ్యాటరీని బాగుచేయుట అద్భుతమైన ఒక్క పదార్థమును కనుగొనుటతో ముగియు పని కాదు. నిలువ, సామర్థ్యము, ఆయువు, వెల, భద్రత యను అయిదింటిని ఒకే కాడికి కట్టి నడపవలసిన పని. అయిదు నిమిషములలో నిండునదనియు, నూరేండ్లు మన్నునదనియు క్రొత్త బ్యాటరీలను గూర్చి పత్రికలలో వార్తలు తరచుగా వచ్చుచుండును. అట్టి వార్త చదివినప్పుడు ఉత్సాహపడుటలో దోషము లేదు. కాని వెంటనే ఈ అయిదు ప్రశ్నలు వేయవలయును: కిలోకు ఎంత శక్తి పట్టును? ఎంత త్వరగా ఇచ్చిపుచ్చుకొనును? మన యెండలో ఎన్నేండ్లుండును? ఎంత వెల? చెడినప్పుడు నిప్పు పుట్టునా? వార్తలో నొకదానికి మాత్రమే సమాధానమున్నచో, తక్కిన నాలుగింటికి ఇంకను కష్టపడవలసియున్నదని గ్రహింపవలయును.

ఈ అయిదు ప్రశ్నలు వేయగలవాడు కారు కొనునప్పుడు మోసపోడు. వానికి సమాధానములు వెదకగలిగిన పిల్లలు ఈ గ్రంథాలయపు బల్లలయొద్దనే కూర్చుండి యుండవచ్చును. వారి చేతికి రసాయనశాస్త్ర గ్రంథములు అందునట్లు చూచుట ఈ రజతోత్సవ వేళ పెద్దలకు తగిన పని.